హయాత్ చెప్పిన సోడా పాఠం

దర్శిలో పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టిచ్చే హయాత్‌ ఓపికకు పెట్టింది పేరు. పదేళ్ళుగా గట్టిపడిన దూది గడ్డలు విడదీయాలంటే ఆ మాత్రం ఉండాలి మరి. అలాంటి మనిషి ఓపికను మనవరాలు ఉజ్మా మూడంటే మూడు రోజుల్లో తోడేసింది.

సోమవారం ఆ పిల్ల అయిదో తరగతికి హాస్టల్లో చేరుతోంది. అక్కడ పొద్దున్నే పాలిస్తారు. ఉజ్మాకు పాలు పడవు, కక్కుకుంటుంది. వార్డెనమ్మకు చెప్పారు గానీ, అంతమంది పిల్లల్లో ఆవిడకు గుర్తుంటేగా? పిల్లే నోరు తెరిచి చెప్పుకోవాలి. చెప్పదు. పోయిన నెల పక్కింటివాళ్ళు పాల గ్లాసు చేతికిస్తే కాదనలేక తాగి, రెండు రోజులు మంచం పట్టింది.

అందుకని హయాత్ లక్ష్మీకాంత్ సోడా బండి దగ్గర పాఠం మొదలెట్టాడు. అడిగింది కాకుండా వేరేది ఇవ్వమని అతనికి కన్నుగీటాడు.

"అన్నా, ఉప్పేసి నిమ్మసోడా," అంది ఉజ్మా, సీసాలతో రహస్యం చెబుతున్నట్టు.

లక్ష్మీకాంత్ సుగంధి కలిపిచ్చాడు. పిల్ల గుటగుటా తాగేసింది.

"ఏమడిగావే?"

"ఉప్పుది."

"ఏమిచ్చాడు?"

"తీపిది. బానే ఉంది తాతా."

"బాగోకపోయినా తాగుతావు నువ్వు! 'అన్నా, నేనడిగింది ఇది కాదు, కాస్త మార్చిస్తారా?' ఇంతే కదే తల్లీ! పోట్లాడమన్నానా?"

మర్నాడు ద్రాక్ష సోడా. ఆ మర్నాడు ఉత్త సోడా. అన్నీ కడుపులోకే పోయాయి.

"ఇంకో పాఠం చెప్పావంటే పిల్ల పొట్ట పేలుద్ది బాబాయ్," అన్నాడు లక్ష్మీకాంత్.

ఆదివారం బసవమ్మ గారింట్లో పరుపు కుట్టాలి. సైకిలు మీద ఉజ్మాను ఎక్కించుకుని, దారంతా సణుగుతూనే ఉన్నాడు.

"మరి నువ్వెందుకు చెప్పవు తాతా?" అంది వెనక నుంచి.

"నేనేం చెప్పాలి?"

"నీకు షుగరుగా. వాళ్ళింట్లో పంచదార టీ తాగేసి, 'మీ అమ్మకు చెప్పకు' అంటావు నాతో."

"పనికెళ్ళిన ఇంట్లో వంకలు పెట్టకూడదే. ఇచ్చింది తాగాలి," అనేసి నాలిక్కరుచుకున్నాడు.

బసవమ్మ తాతకు టీ, పిల్లకు పాలు తెచ్చింది. ఉజ్మా గ్లాసు పట్టుకుని తాత మొహమే చూస్తోంది. తాగదు, దించదు.

హయాత్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మగారూ... మీ టీ అంటే టీయేనండి. కాకపోతే... నాకు కాస్త... పంచదార..."

"ఇంకాస్త వెయ్యమంటావా?" అందావిడ.

ఉజ్మా ఇక ఆగలేకపోయింది. "కాదు మామ్మగారూ! తాతకు పంచదార లేకుండా కావాలండి. నాకేమో పాలు పడవు. ఏమీ అనుకోకుండా మజ్జిగ ఇస్తారా?"

"ఏడేళ్ళ నుంచి తాగుతున్నావు గదయ్యా హయాతూ! నోరు లేదా నీకు? ఏమన్నా అయితే నా మెడకు కాదూ చుట్టుకునేది!" బసవమ్మ రెండు గ్లాసులూ లాక్కుని, తిట్టుకుంటూ లోపలికెళ్ళింది.

"సోడా బండి దగ్గర ఈ గొంతు ఏమైందే?" హయాత్ పళ్ళు నూరాడు.

"అక్కడ మీరిద్దరూ కన్నుగీటుకున్నారుగా. ఆటేమో అనుకున్నా. ఇక్కడ నిజం పాలు."

మజ్జిగ వచ్చింది. టీ వచ్చింది. పంచదార లేని ఆ టీ కషాయంలా ఉంది. ఆ మాట మాత్రం హయాత్ బసవమ్మ గారితో అనలేదు.