చెక్క సవతి

మా ఆయనకు నాకంటే ముందు ఒక ఓడ ఉంది. పెళ్ళయిన వారానికే నాకీ సంగతి తెలిసింది. మొగుడికి ఇంకో ఆడది ఉందని తెలిస్తే పుట్టింటికి వెళ్ళి కూర్చోవచ్చు. ఓడ ఉందని తెలిస్తే ఏం చెయ్యాలో మా అమ్మ నాకు చెప్పలేదు.

అది మైన్‌స్వీపర్. సముద్రంలో శత్రువులు పెట్టిన మైన్లను ఏరే ఓడ. ఇనుము దగ్గరికొస్తే పేలే మైన్లు కొన్ని ఉంటాయట. అందుకని ఆ ఓడను చెక్కతో కట్టి, పలకలకు ఇత్తడి మేకులు, రాగి మేకులు కొట్టారు. కొత్తకాపురంలో, విశాఖలో ఉండగా, ఒకరోజు ఇంటివాళ్ళను ఓడ చూడ్డానికి రానిచ్చారు. నేను పట్టుచీర కట్టుకుని బయల్దేరాను. జెట్టీ దగ్గర మా ఆయన నన్ను పక్కకు తీసుకెళ్ళి, పైటకున్న పిన్నీసు, జడలోని పిన్నులు ఒక్కటీ వదలకుండా తీయించి రుమాలులో మూటగట్టాడు. మిగతావాళ్ళ భార్యలు పిన్నీసులతోనే ఎక్కారు. వాళ్ళనెవరూ ఏమీ అనలేదు. నేను మాత్రం పైట చేత్తో పట్టుకుని ఓడంతా తిరిగాను. ఆనాటి ఫోటోలో నేను కడుపునొప్పి మనిషిలా కనిపిస్తాను. ఆయన మాత్రం రెయిలింగు మీద చెయ్యి వేసి నవ్వుతున్నాడు. ఆ చెయ్యి నా భుజం మీద ఉండాల్సింది.

పిల్ల పుట్టాక నేను ఒంటరిగా ఉండలేనని ఏడ్చాను. గడువు తీరగానే ఆయన నేవీ వదిలి బిలాస్‌పూర్ వచ్చేశాడు. మా నాన్న ఇక్కడి రైల్వేలోనే పనిచేసేవాడు. ఈయనకూ రైలింజన్ల షెడ్‌లో ఉద్యోగం దొరికింది. ఇక ఓడ పీడ వదిలిందనుకున్నాను. కొన్నేళ్ళకు దాన్ని విరగ్గొట్టేశారని తెలిసి పైకి అయ్యో అన్నాను గానీ, లోపల పాయసం తాగినట్టుంది. నెల తిరక్కముందే దాని డెక్కు మీది టేకు పలక ఒకటి పార్సిల్లో మా క్వార్టర్‌కి దిగింది. ఈయనతో పనిచేసినాయన, ఇప్పుడు ఈ ఊళ్ళోనే మోప్కాలో ఉంటున్నాడు, ఆయనే పంపించాడు. మా ఆయన ఆ పలకను కోసి, నున్నగా చేసి, కింద రెండు అడ్డకర్రలు కొట్టి దేవుడి పీట చేశాడు. అంటే నేను రోజూ పొద్దున్నే నా సవతికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టాలన్నమాట. పెట్టాను. క్వార్టర్ వదిలి తోర్వా పేటలో సొంతిల్లు కట్టుకున్నాకా పెట్టాను. నా పుట్టినరోజు ఏనాడూ గుర్తులేని మనిషి, వానాకాలంలో ఆ ఓడలో ఏ మూల నీళ్ళు కారేవో ఇప్పటికీ చెబుతాడు. మోప్కా ఆయన ఆదివారం వచ్చాడంటే చాలు, ఇద్దరూ ఆ ఓడ వాసన దగ్గర మొదలుపెడతారు. నేను వంటింట్లో గిన్నెలు కొంచెం గట్టిగానే పెడతాను. కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నానని ఎవరైనా అంటే అననీ.

మొన్న ఆదివారం మోప్కా ఆయన ఒక కబురు తెచ్చాడు. పాత నావికులంతా కలిసి ఆ చెక్క ఓడల గుర్తులు పోగుచేస్తున్నారట. విశాఖలో ఒక గది తీసుకుని, అద్దాల బీరువాల్లో పెట్టి, దీపాలు వేసి చూపిస్తారట. మన పీట కూడా ఇవ్వమన్నాడు. నేనే లేచి, దేవుళ్ళను స్టీలు స్టూలు మీదికి మార్చి, పీట తుడిచి తెచ్చి ఇచ్చాను. నా ఇంట్లోంచి అది వెళ్ళిపోతోందన్న సంతోషం ఎంతోసేపు నిలవలేదు. దానికి అద్దాల బీరువా, దీపాలు. నన్ను ఎవరు దాచిపెడతారని కడుపు మండింది.

మోప్కా ఆయన జేబులో ఎప్పుడూ చిన్న అయస్కాంతం ఉంటుంది. ఓడలో ఏ కొత్త వస్తువు ఎక్కినా దాంతో తడిమి చూసేవారట. ఆ అలవాటు పోలేదు. మా ఇంట్లో గ్లాసు ఇచ్చినా ఒకసారి దానికి తాకించి నవ్వుతాడు. పీట తిరగేసి, అడ్డకర్ర మీద అయస్కాంతం పెట్టాడు. టక్కున అతుక్కుంది. రెండో పక్కా అంతే. ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఇనప మేకులేటి వదినా ఇవి? ఏ వడ్రంగిని పిలిసినారు?" అని నన్నడిగాడు.

నేను మా ఆయన వైపు చూశాను. అప్పట్లో షెడ్‌లో ఇత్తడి మేకులకు కరువేమీ లేదు.

"నానే కొట్టాను," అన్నాడు మా ఆయన. "ఇనుం దిగిన సెక్క మరి ఆ ఓడకి పనికిరాదు. ఇది ఏడిసిందని దిగొచ్చీసినోణ్ణి, మల్లీ అటు మనసు పోకూడదని కొట్టీసినాను."

మోప్కా ఆయన పీటను నెమ్మదిగా కింద పెట్టాడు. అచ్ఛా అన్నాడంతే. టీ తాగి, పీట ఇక్కడే వదిలేసి స్కూటర్ ఎక్కి వెళ్ళిపోయాడు.

నా పైటకున్న పిన్నీసును ఆ ఓడ ఎక్కనివ్వని మనిషి, దాని ఒంట్లోకి ఇనుప మేకులు దిగ్గొట్టి ఇన్నేళ్ళు నోరు విప్పలేదు. ఆ ఒక్క ముక్క అప్పుడే చెప్పి ఉంటే నేను ఇన్ని గిన్నెలకు సొట్టలు పెట్టేదాన్నా? ఒళ్ళు మండింది. ఆయన ఏమీ ఎరగనట్టు పేపరు తీసుకున్నాడు.

పీటను లోపలికి తీసుకెళ్ళి దేవుళ్ళను మళ్ళీ ఎక్కించాను. ఆ రోజు పసుపు కాస్త ఎక్కువే రాశాను, అడుగున మేకుల మీద కూడా.