తెరకు ఎడమ పక్క

ఆ గదిలో ఉన్నవి: ఒక కంప్యూటరు, దాన్ని టెలిఫోన్ లైనుకు కలిపే మోడెమ్ పెట్టె, పసుపు కుంకుమలు పెట్టిన ప్రింటరు. ఉన్నవాళ్లు: టైపిస్టు సుజాతమ్మ, అటెండరు రాచప్ప, నేను. దయ్యాలనూ మహిమలనూ నమ్మనివాళ్లలో నా పేరు మొదట రాసుకోండి. ఇది చదివాక కూడా కొట్టేయనక్కర్లేదు.

ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి జహీరాబాద్‌లో ఒక కంపెనీ ఆఫీసులో చేరాను. 1989 దసరా. ఆయుధపూజ చేసిన యంత్రాన్ని ఆ రోజు ఎవరూ ముట్టరు. మా మేనేజరు మాత్రం హైదరాబాద్ ఆఫీసుకు అర్జంటుగా ఉత్తరం పంపాలని సుజాతమ్మను కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు.

ఉత్తరం వెళ్లింది. వెంటనే తెరకు ఎడమ పక్కనుండే పట్టీ మాయమైంది. వచ్చినవి, పంపినవి, పంపాల్సినవి అని చూపే వరుస అది. అది లేకపోతే ఏ ఉత్తరమూ తెరవలేం.

పండుగ దాటాక మేనేజరు తప్పంతా ఆమె మీదికి తోశాడు. సాయంత్రంలోగా బాగుకాకపోతే రేపటి నుంచి రావద్దన్నాడు. ఆమె జీతం మీదే ఇల్లు గడుస్తోంది.

"పూజల ఉన్నదాన్ని ముట్టిచ్చిన్రు. అమ్మవారు మొకం తిప్పుకున్నది" అన్నాడు రాచప్ప.

"అమ్మవారు కాదు, కుంకుమ" అన్నాను.

పట్టీని దాచడానికీ మళ్లీ తెప్పించడానికీ కీబోర్డు మీద ఉన్నది ఒకటే మీట. దాని కింద కుంకుమ గడ్డకట్టి ఉంది. స్పిరిట్‌తో తుడిచి నొక్కాను. రాలేదు. కంప్యూటరు ఆపి, మళ్లీ ఆన్ చేశాను. ఫ్లాపీ నుంచి ప్రోగ్రాం మళ్లీ ఎక్కించాను. అయినా రాలేదు.

"ఏం ఇంజనీర్ సాబ్, గింత సదివి గింతేనా? ఒక్క కొబ్బరికాయ కొడితే పోతది గద!" అన్నాడు రాచప్ప.

"కొట్టను" అన్నాను. కీబోర్డు వైరు పీకేసి, దాన్ని ఒళ్లో బోర్లించుకుని స్క్రూలు విప్పసాగాను.

సుజాతమ్మ తెరకు దండం పెట్టింది. "తప్పయింది తల్లీ. నాకు నేనుగ ముట్టలే, సారు ముట్టుమంటె ముట్టిన. నా కొలువు పోతది, జర కనపడు."

పట్టీ వచ్చింది.

మేనేజరు వచ్చి చూసి, తన గదికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కూడా సుజాతమ్మ అదే కుర్చీలో పనిచేసింది. రాచప్ప కొట్టిన కొబ్బరికాయలో నా ముక్క నేను తిన్నాను, దండం మాత్రం పెట్టలేదు.

తర్వాత ఎన్నోసార్లు పట్టీని దాచి, వైరు పీకి చూశాను. ఒక్కసారి కూడా దానంతటది రాలేదు. మహిమ అంటే ఒప్పుకోను. లోపం అందామంటే దొరకలేదు.

ఆ క్షణాన కంప్యూటరుకు తగిలించి ఉన్న కీబోర్డులు: సున్నా.