మట్టి మోసినవాడికి శాలువా లేదు

మా అన్నను సన్మానానికి పిలిచి, తుపాకి పట్టలేదని తెలియగానే శాలువా కప్పకుండా పంపించేశారు. అది తప్పు.

సింగపూరులో ఐటీ ఉద్యోగాలు పోటెత్తిన రోజులవి. టాంపినీస్‌లో మా బ్లాకు నిండా ఆంధ్రా నుంచి వచ్చిన కంప్యూటరు కుర్రవాళ్ళే. మాది తాతల నాడే ఓడెక్కి వచ్చిన కుటుంబం. ఆ కుర్రవాళ్ళలో ఒకతను లిఫ్టు దగ్గర నన్ను ఆపాడు.

"అంకుల్, ఆగస్టు పదిహేను ఫంక్షన్‌లో వార్ చూసిన మన తెలుగువాళ్ళని సన్మానిస్తున్నాం. ఎవరైనా తెలుసా?"

జపానువాళ్ళ కాలంలో మా అన్న సయాం, అంటే ఇప్పటి థాయిలాండు, వెళ్ళి వచ్చాడన్నాను. సింగపూరు, యుద్ధం, తెలుగువాడు అనగానే అతనికి భారత స్వాతంత్ర్య సైన్యం తప్ప మరొకటి తోచలేదు.

అన్న వెళ్ళింది పోరుకు కాదు, రైలుదారి పనికి. జపానువాళ్ళు ఇంటికొక మగవాణ్ణి పంపమన్నారు. నాన్నకు దగ్గితే నెత్తురు పడేది. పదహారేళ్ళవాడు నాన్న చొక్కా తొడుక్కుని, నాన్న పేరు చెప్పి లారీ ఎక్కాడు. అడవిలో మట్టి మోశాడు, జ్వరంతో పోయినవాళ్ళను పూడ్చాడు. తిరిగొచ్చాక ఆ ఊసే ఎత్తలేదు. సన్మానం అన్నాక మాత్రం, "నాతో వచ్చి పోయినోళ్ళ గురించి నాలుగు ముక్కలు సెప్తాన్రా" అన్నాడు. అన్నకు కావలసింది అదే.

ఫంక్షన్ రోజు ముందు వరుసలో అన్న పక్కన, ఇండియా నుంచి కొడుకును చూడవచ్చిన ఒక మాజీ సైనికుడు. మంచి మనిషి, అన్న చేయి పట్టుకుని పలకరించాడు. మైకు ఇవ్వబోతూ మన కుర్రవాడు వంగి అడిగాడు.

"అంకుల్, మీరు ఏ ఫ్రంట్‌లో ఫైట్ చేశారు?"

"ఫైటింగేటి బాబూ? మట్టి మోసేను."

జోకనుకుని నవ్వారు. తరువాత గుసగుసలు. శాలువా ఒక్కటే విప్పి ఆ సైనికుడికి కప్పారు. ఆయన తూటాల కథకు పిల్లలు ఈలలు వేశారు. నేను లేవబోతే అన్న నా మోచేయి లాగాడు.

"కూకోరా. ఆళ్ళతో కుస్తీ పడతావేటి? మకాన్ అయిపోద్ది, తిందాం పద."

ప్లేటు ముందు కూర్చున్నాడే గానీ ముద్ద ఎత్తలేదు.

నేను బడికి పోయినవాణ్ణి కాను, పాత పేపర్లు చదివి నేర్చుకున్నవాణ్ణి. ఎదుటివాణ్ణి కాలిస్తేనే త్యాగమా? తుపాకి ఉన్నవాడు తిరిగి కాల్చనైనా కాల్చగలడు. మా అన్న చేతిలో ఉన్నది తట్ట. ఆ సైనికుడికి శాలువా వద్దని నేననలేదు. రెండోది ఎందుకు విప్పలేదంటున్నాను.

వారం తరువాత ఆ కుర్రవాణ్ణి కాఫీ షాపులో కూర్చోబెట్టి, నాన్న బదులు అన్న వెళ్ళిన సంగతంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు. చివరికి అన్నాడు:

"చాలా టచింగ్ అంకుల్. కానీ అది ఫ్యామిలీ కోసం కదా, దేశం కోసం కాదు. ఫాదర్స్ డే ప్రోగ్రాంలో పెడదాం లెండి."