కొబ్బరితోటలో తుపాను డ్రిల్

టెక్కలి దగ్గర మా విశ్వవిద్యాలయంలో విపత్తు నిర్వహణ బాధ్యత నాకు అప్పగించారు. కమిటీ సమావేశానికి వెళ్లకపోవడమే నా అర్హత. నిర్వహణ నాకిచ్చారు గానీ, విపత్తు కూడా నేనేనని అప్పటికి ఎవరికీ తెలియదు.

తుపాను మాక్ డ్రిల్‌లో అందరూ చేరాల్సిన చోటుగా హాస్టల్ వెనక కొబ్బరితోటను ఎంచుకున్నాను. పరిశీలనకు వచ్చే అధికారుల కుర్చీలకు నీడ ఉంటుందని నా ముందుచూపు. సైరన్ మోగగానే పిల్లలంతా నవ్వుకుంటూ పరుగెత్తుకొచ్చారు. కొబ్బరితోటల ఉద్దానం నుంచి వచ్చి మెస్‌లో వంటచేసే పెద్దమ్మ మాత్రం రాలేదు. రాకపోతే ఆమెకు మెమో ఇవ్వమన్నారు అధికారులు. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. మెమో అంటే ఇంటికే.

బతిమాలడానికి వంటగదిలోకి వెళ్లాను.

"ఏటి బాబూ, తుపాన్లో కొబ్బరిసెట్ల కిందకి రమ్మంతావా? మా తోటలో సెట్లన్నీ ఒక్క గాలికే పడిపోనాయి. నీకు తెల్దా?"

"ఇది ఉత్తుత్తి తుపానే పెద్దమ్మా."

"మరి పిల్లలు నేర్సుకున్నది కూడా ఉత్తుత్తేనా? నిజం తుపానొత్తే అక్కడికే కదా పరిగెడతారు!"

నా మెడలో డ్రిల్ ఈల ఉంది. బయటికొచ్చి ఊది, పిల్లలందర్నీ గట్టి శ్లాబున్న మెస్ హాల్లోకి, ఆమె దగ్గరికే తోలాను. అధికారులు తోటలో కుర్చీలు దిగకుండానే "డ్రిల్ విఫలం, ప్రణాళిక ఉల్లంఘన" అని రాసుకున్నారు.

మెమో నాకొచ్చింది. నాది పర్మినెంటు ఉద్యోగం కాబట్టి దాన్ని హాయిగా మడిచి జేబులో పెట్టుకున్నాను.