ఎండలో చల్లబడిన జాకెట్

దయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకాన్ని నేను. భయంతో కాదు, విసుగుతో. పాలకొల్లులో మా ఇంటి ముందుగదిలోనే ఐదేళ్ళుగా బట్టలు ఉతికే చిన్న షాపు నడుపుతున్నాను. రెండు వాషింగ్ మిషన్లు, డాబా మీద ఆరు తీగలు. ఎక్కువగా రగ్గులు, దుప్పట్లు, కర్టెన్లు వస్తాయి. ఇంట్లో ఎవరైనా పోతే వాళ్ళు కప్పుకున్నవి ఉతికించి ఎవరికైనా ఇచ్చేద్దామని కూడా తెస్తారు. ఆ మాట పైకి చెప్పరు, ముఖం చూస్తే తెలిసిపోతుంది. అలాంటివి ఎన్ని ఉతికానో లెక్కలేదు. సబ్బు వాసన, మనిషి వాసన తప్ప వాటిలో నాకు ఇంకేమీ తగల్లేదు.

కాబట్టి ఇప్పుడు చెప్పేది నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు చెప్పేస్తే కాస్త నిద్ర పడుతుందేమోనని రాస్తున్నాను.

కిందటేడు ఆషాఢంలో, ఒక శనివారం సాయంత్రం, సత్తిబాబు అనే ఆయన పెద్ద జాకెట్ ఒకటి పట్టుకొచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. అంతకుముందు నేనెప్పుడూ చూడని మనిషి. నల్లటి జాకెట్, పైన జారే గుడ్డ, లోపల మందంగా దూది. మా ఊళ్ళో ఇంత చలి జాకెట్ ఎవరికి కావాలని అడగబోయి, వాసన తగిలి ఆగిపోయాను. రొయ్యల వాసన.

ఊరి బయట రొయ్యల కంపెనీలో కోల్డ్ స్టోరేజీలో పని చేస్తాడట. ఒలిచి గడ్డకట్టించిన రొయ్యల పెట్టెల్ని ఆ గదిలో పేరుస్తారు. బయట రోహిణి కార్తె ఎండ కాస్తున్నా లోపల సున్నాకి ఇరవై డిగ్రీల కింద ఉంటుందట. కంపెనీ జాకెట్లు నలుగురూ తొడుక్కునేవి కాబట్టి ఇది సొంతంగా కొనుక్కున్నాడు.

"దీన్ని ఇంటికి తెస్తే మా ఆవిడ గుమ్మంలోనే ఆపేస్తందండి. వాసన పోతే చాలండి. సోమవారం పొద్దున్నే డ్యూటీకి కావాలండి," అన్నాడు.

"ఆదివారం ఉతికి ఆరేస్తాను. సోమవారం పొద్దున్న వచ్చి తీసుకెళ్ళండి," అన్నాను. అంత గట్టిగా ఎందుకు చెప్పానో తెలియదు. అంతవరకు నేను దుప్పట్లే గాని ఇలాంటి జాకెట్ ఉతికింది లేదు.

ఆదివారం పొద్దున్న జిప్పు పెట్టి, తిరగేసి, పొడి వెయ్యకుండా కొంచెం లిక్విడ్ సబ్బు వేసి మిషన్లో నెమ్మదిగా తిప్పాను. వాసన పోవడానికి రెండుసార్లు తిప్పాల్సి వచ్చింది. తీసేటప్పటికి బిందెడు నీళ్ళు మోసినంత బరువు. ఆ పైగుడ్డ నీటిని బయటికి వదలదు. పిండితే లోపలి దూది చిరిగిపోతుంది. ప్లాస్టిక్ నవారు మంచం మీద పరిచి నీళ్ళు కారనిచ్చాను.

ఇలాంటివాటితో ఇంకో చిక్కుంది. తడిసిన దూది ఉండలు కట్టేస్తుంది. ఆరేలోపు ఆ ఉండలు విప్పకపోతే జాకెట్ పనికిరాదు, ఉండలున్న చోట బరువు, లేనిచోట వట్టి గుడ్డ. పెద్ద ఊళ్ళల్లో ఆరబెట్టే మిషన్లో టెన్నిస్ బంతులు వేసి తిప్పుతారట. నా దగ్గర ఆ మిషన్ లేదు. గంటకోసారి రెండు అరచేతులతో దబదబా తట్టడమే.

ఆదివారం రోజంతా తుంపర. జాకెట్‌ను వరండాలో ఫ్యాను కింద పడేసి తడుతూ కూర్చున్నాను. సోమవారం ఏడింటికి సత్తిబాబు వచ్చేటప్పటికి ఇంకా చెమ్మగానే ఉంది.

"రేపు తప్పకుండా ఇస్తానండి," అన్నాను సిగ్గుపడుతూ.

ఆయన జాకెట్ కాలర్ నొక్కి చూశాడు. కోప్పడతాడేమో అనుకున్నాను. "సర్లెండి. ఒక్కరోజేగా. అక్కడ ఏదోటి తగిలించుకుంటాను," అని బండి స్టార్ట్ చేసి వెళ్ళిపోయాడు.

తొమ్మిదయ్యేసరికి మబ్బు విడిపోయి గట్టి ఎండ వచ్చింది. మంచం డాబా మీదికి ఎక్కించి జాకెట్ పరిచాను. పన్నెండింటికి చూస్తే కాలర్, చంకల దగ్గర తప్ప అంతా ఆరిపోయింది. చెయ్యి పెడితే వేడి. సాయంత్రమే ఇచ్చెయ్యొచ్చు, మాట నిలబడుతుంది అనుకుని కిందికి వచ్చి అన్నం తిన్నాను.

మళ్ళీ పైకి వెళ్ళినప్పుడు టైము ఒంటిగంటన్నర దాటింది. ఎండ మాడు పగలగొడుతోంది. చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేకపోయాను. పక్క తీగమీద తువ్వాళ్ళు అప్పడాల్లా ఎండిపోయాయి. జాకెట్ తిప్పి వేద్దామని పట్టుకున్నాను.

చల్లగా ఉంది.

తడేమో అనుకున్నాను. నొక్కి చూస్తే చుక్క నీరు లేదు. తడి గుడ్డ చల్లదనం నాకు తెలుసు, రోజూ చేసే పనే. ఇది అది కాదు. ఫ్రిజ్‌లో ఐసు పెట్టే అరలో చెయ్యి పెట్టినట్టుంది. జిప్పు ముట్టుకుంటే వేలు చురుక్కుమని అతుక్కున్నట్టయి లాక్కున్నాను. పైగా పొద్దున్న నేను విప్పిన ఉండలన్నీ వీపు భాగంలో ఒకేచోటికి చేరి గట్టిగా ముద్ద కట్టాయి.

ముందు చికాకేసింది. మళ్ళీ మొదలా అనుకుంటూ వీపు మీద తట్టడం మొదలుపెట్టాను. తడుతుంటే ముద్ద వదులైంది, చెయ్యి కింద కాస్త వెచ్చదనం కూడా వచ్చింది. ఆపి చెమట తుడుచుకుంటే మళ్ళీ బిగుసుకుంది, మళ్ళీ చల్లబడింది. మళ్ళీ తట్టాను. అలా ఎంతసేపు చేశానో, నా చేతులు ఎర్రగా కందిపోయాయి. లేచిపోదామనిపిస్తోంది, లేవలేకపోతున్నాను. చంటిబిడ్డ ఏడుస్తుంటే వదిలేసి వెళ్ళలేనట్టు ఉంది. అప్పుడు నాకు భయం లేదు. ఒళ్ళంతా ఒకటే ఆత్రం, ఎందుకో తెలియని ఆత్రం.

మా అత్తగారు నన్ను వెతుక్కుంటూ పైకి వచ్చారు. "ఎండలో ఏంటే పద్మా ఈ పని?" అంటూ జాకెట్ చెయ్యి పట్టుకుని చటుక్కున వదిలేశారు.

"ఇదేంటి, మంచుగడ్డలా ఉంది?"

అంటే అది నా ఒక్కదాని భ్రమ కాదు.

"అత్తయ్యగారూ, మీరు కాస్త తడుతూ ఉండండి, నేను నీళ్ళు తాగొస్తాను," అన్నాను.

"నేను ముట్టుకోనే దాన్ని. ఆ అబ్బాయికి ఫోన్ చేసి పట్టుకుపొమ్మను. నాకేం నచ్చట్లేదు," అన్నారావిడ.

వదిలేసి కిందికి దిగాను. రసీదు పుస్తకంలో సత్తిబాబు నంబరు ఉంది. చేస్తే మోగింది, ఎత్తలేదు. రెండోసారీ అంతే. మూడోసారి మోగుతుండగా ఒక ఆలోచన వచ్చింది. ఈ మనిషి జాకెట్ లేకుండా ఆ గదిలోకి వెళ్ళాడు. నా మూలంగా వెళ్ళాడు.

మా పక్కింటి మంగతాయారు అదే కంపెనీలో రొయ్యలు ఒలుస్తుంది. ఆ రోజు పనికి వెళ్ళలేదు. గేటు దగ్గరి సెక్యూరిటీ నంబరు ఆవిడ ఇచ్చింది. నిద్రలేపి అడిగేసరికి ఇంకొన్ని నిమిషాలు పోయాయి.

"సత్తిబాబు గారిని పిలుస్తారా అండి?"

"మీరెవరండి?"

జాకెట్ చల్లబడిందని చెబితే ఫోన్ పెట్టేస్తాడు. "వాళ్ళక్కనండి. అమ్మకి ఒంట్లో బాగోలేదు," అన్నాను. అబద్ధం ఎలా వచ్చిందో అలా వచ్చేసింది.

ఎవరినో పంపించి కనుక్కుని, "సెక్షన్లో లేడమ్మా. భోజనానికి బయటికి వెళ్ళుంటాడు," అన్నాడు.

"బండి ఉందేమో చూడండి."

వెళ్ళి చూసొచ్చాడు. "బండి ఇక్కడే ఉందమ్మా."

"కోల్డ్ రూములో చూడండి."

"తలుపు వేసే ఉందంట. లోపలెవరుంటారమ్మా?"

"తీసి చూడండి బాబూ. మీకు దణ్ణం పెడతాను, తీసి చూడండి."

నా గొంతులో ఏం వినిపించిందో, ఆయన ఫోన్ కట్ చెయ్యకుండా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. మిషన్ల హోరు వినిపిస్తూనే ఉంది. తర్వాత ఎవరో పరిగెత్తిన చప్పుడు, కేకలు. తర్వాత ఎవరో ఫోన్ పెట్టేశారు.

నేను డాబా మీదికి పరిగెత్తాను. జాకెట్ ఎండలో మామూలుగా పడి ఉంది. వేడిగా, పొంగిన పూరీలా మెత్తగా. ఒక్క ఉండ లేదు. ఎప్పుడు మారిందో నాకు తెలియదు.

సాయంత్రానికి మంగతాయారు వివరాలు కనుక్కొచ్చింది. మధ్యాహ్నం బయట కంటెయినర్ లోడవుతుంటే కంపెనీ జాకెట్లన్నీ అక్కడివాళ్ళు వేసుకున్నారట. రెండు నిమిషాల పనే కదా అని సత్తిబాబు చొక్కా మీద చొక్కా వేసుకుని ఒక్కడే లోపలికి వెళ్ళాడట. వెనక తలుపు మూసుకుపోయింది. లోపలినుంచి తీసే గుండీ మంచు పేరుకుని కదల్లేదు. ఫోను బయట బల్ల మీదే వదిలేశాడట. గంట పైన అందులోనే ఉన్నాడు. తీసేసరికి తలుపు పక్కనే పడి ఉన్నాడట, ఊపిరి ఉందో లేదో తెలియనట్టు. భీమవరం ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

నాలుగోరోజు ఒకావిడ మా షాపుకి వచ్చింది. చెదిరిన జుట్టు, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళు. సత్తిబాబు భార్య, పేరు దుర్గ.

"మా అత్తగారికి ఆయనొక్కడేనండి. అక్కచెల్లెళ్ళు ఎవరూ లేరు. అక్కనని ఫోన్ చేసింది మీరేనంటండి. మీరెవరండి?" అంది.

ఆ ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉందని అర్థమై నా ముఖం మాడిపోయింది. లోపలినుంచి జాకెట్ తెచ్చి చూపించాను. ఉతకడానికి ఇచ్చారని, ఆరక ఇవ్వలేకపోయానని చెప్పాను.

"మరి ఆయన లోపల ఉండిపోయారని మీకెలా తెలిసిందండి?"

కంపెనీ మేనేజరు కూడా అంతకుముందురోజు ఇదే అడిగాడు. ఆయనకి చెప్పిందే ఈవిడకీ చెప్పాను. "నేను టైముకి ఇవ్వలేదు కదమ్మా. మనసు ఆగలేదు."

దుర్గ నమ్మిందో లేదో. జాకెట్ గుండెలకి అదుముకుని, "బతికారండి. అది చాలు," అని వెళ్ళిపోయింది.

మా ఆయన మోటార్లు వైండింగ్ చేస్తారు, ప్రతిదానికీ కారణం చెబుతారు. తడి ఆరేటప్పుడు చల్లబడుతుంది, కూజాలో నీళ్ళు చల్లబడవా అన్నారు. నేనూ అదే అనుకుందామని చూశాను. కూజా ముట్టుకుంటే వేళ్ళు అతుక్కోవు.

రెండు నెలలకి సత్తిబాబే వచ్చాడు, చేతిలో పళ్ళ సంచితో. ఎడమచేతి రెండు వేళ్ళ చివరలు తీసేశారు. నన్ను అక్కా అని పిలిచాడు. కుర్చీలో కూర్చుని, అడక్కుండానే ఆ గంట గురించి చెప్పాడు.

"ముందు తలుపు బాది బాది అరిచానక్కా. తర్వాత ఓపిక పోయింది, నిద్ర ముంచుకొచ్చేసింది. హాయిగా కూడా ఉంది. పడుకుందామంటే ఎవరో వీపు మీద కొడతన్నారు. దబదబా, రెండు చేతులతో. వెనక్కి తిరిగితే ఎవరూ లేరు. కునుకు పట్టినప్పుడల్లా మళ్ళీ కొడతన్నారు. భలే చిరాకేసింది. పడుకోనివ్వండ్రా బాబూ అని పైకే అరిచాను. డాక్టరు గారు అది వణుకే అంటారు. వణుకు నాకు తెలీదాండి, పదేళ్ళనుంచి ఆ గదిలో పనిచేస్తన్నాను."

మంచినీళ్ళ గ్లాసు ఆయనకి అందించాను.

"తర్వాత?" అన్నాను.

"తర్వాత కొట్టడం ఆగిపోయిందక్కా. ఆగాకే పడిపోయాను. ఆ పైన నాకేం తెలీదు."

డాబా మీద నేను తట్టిన సంగతి ఆయనకి చెప్పలేదు. ఆయన పళ్ళు బల్ల మీద పెట్టి, దణ్ణం పెట్టి వెళ్ళాడు.

ఇదంతా ఎలా జరిగిందన్నది పక్కన పెట్టెయ్యగలను. పెట్టలేనిది ఇంకొకటుంది. జాకెట్ వదిలేసి ఫోన్ దగ్గరికి పోయాను కాబట్టే తలుపు తెరిచారు. వదిలేశాను కాబట్టే ఆయన పడిపోయాడు. ఇంకాస్త ముందు వదలాల్సిందా, అసలు వదలకూడదా? దుప్పటి ఉండలు తట్టడానికి చెయ్యెత్తిన ప్రతిసారీ ఇదే ఆలోచన. ఉండలు విడిపోయాయని కళ్ళకి కనిపిస్తూనే ఉంటుంది, చేతులు ఆపబుద్ధి కాదు. ఇక చాలు దిగు అని కిందినుంచి మా అత్తగారు కేకేసేదాకా తడుతూనే ఉంటాను.