అరవై ఒక్క కిలోల గంప

ఒక మాదిరి బలమున్న మనిషి ఎంత బరువు ఎత్తవచ్చు అనే విషయం మీద మా ఇంట్లో నెల రోజుల పాటు చర్చ జరిగింది. చర్చించిన పెద్దలెవరూ దినపత్రిక కంటే బరువైన వస్తువు ఎత్తి ఎరగరు. ఎత్తవలసిన బరువు మాత్రం నేను. ఇది తొంభైల్లో, తిరుపతిలో, నా పెళ్ళికి ముందు మాట.

మా ఇళ్ళలో పెళ్ళికూతురు మండపానికి నడిచి రాకూడదు. వెదురు గంపలో కూర్చుంటే మేనమామ ఎత్తుకొచ్చి దించాలి. చాలా చోట్ల ఇద్దరు ముగ్గురు మేనమామలు తలా ఒక చెయ్యి వేసి ఆ తంతు కానిచ్చేస్తారు. మా అమ్మకు ఉన్నది ఒక్కడే తమ్ముడు. పాకాల దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు, పెళ్ళి చేసుకోలేదు. ఆయన మీసం చూస్తే పెద్ద బలశాలి అనిపిస్తుంది. మీసం కిందున్న మనిషిని కూడా చూస్తే ఆ అపోహ పోతుంది.

ఈ ఆచారం పెట్టిన రోజుల్లో పెళ్ళికూతుళ్ళకు పదేళ్ళో పన్నెండేళ్ళో ఉండేవి. గంపలో కూర్చోబెడితే అరటి గెలంత బరువు. నేను డిగ్రీ పూర్తి చేసి, ఇరవై రెండేళ్ళు నిండి, పూటకు రెండు సంగటి ముద్దలు తిని పెరిగిన దాన్ని. మనుషులు పెరిగారు గదా, ఆచారాన్ని కూడా కాస్త వదులు చేద్దామని ఎవరికీ తోచలేదు.

గొడవ మొదలుపెట్టింది మా జేజి, అంటే నాయన తల్లి. సంబంధం ఖాయమైన మరుసటి రోజే, వక్క దంచుకుంటూ అమ్మను అడిగింది.

"ఏమ్మే, పాప సూస్తే బొద్దుగా ఉండాది. మీ తమ్ముడు సూస్తే జొన్నసొప్ప మాదిరి ఉండాడు. ఎత్తగలడా?"

"ఎత్తుతాడత్తా."

"ఎత్తలేకుంటే ముందే సెప్పమను. మా వైపు మగోళ్ళు ఉండారులే."

'మా వైపు' అనే ఆ మాట అమ్మ కాపురానికి వచ్చినప్పటి నుంచీ వింటూనే ఉంది. మా వైపు నేల మంచిది, మా వైపు మనుషులు గట్టివాళ్ళు, చివరకు మామిడికాయలు కూడా అమ్మ పుట్టింటి కాయల కంటే మా వైపు కాయలే తీపి. ఇప్పుడు తమ్ముడు గంప ఎత్తలేక చేతులెత్తేసి, నాయన వైపు నుంచి ఎవరో వచ్చి ఎత్తారంటే, జేజికి ఇంకో ముప్పై ఏళ్ళకు సరిపడా సరుకు దొరికినట్టే. అమ్మ ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

నా బరువు తేల్చడానికి నాయన నన్ను రైల్వే స్టేషనుకు తీసుకుపోయాడు. ప్లాట్‌ఫారం మీద రంగు లైట్లు గిర్రున తిరిగే బరువు మిషను ఉండేది. రూపాయి బిళ్ళ వేస్తే చిన్న అట్టముక్క పడుతుంది, ఒక పక్క బరువు, ఇంకో పక్క జాతకం. నాకు అరవై ఒక్క కిలోలు పడింది. తిప్పి చూస్తే 'వాహన యోగము కలదు' అని ఉంది.

ఆ అట్టముక్క వీధంతా తిరిగింది. ఎదురింటి రిటైరయిన గుమాస్తా దాన్ని దూరంగా పెట్టి చదివి, "ఒక మాదిరి గట్టి మనిషి తన బరువంత బరువు ఎత్తచ్చప్పా, అదీ లెక్క," అన్నాడు. బియ్యం అంగడాయన ఒప్పుకోలేదు. "బియ్యం మూట యాభై కిలోలు. మూట ఎత్తినోడు ఇంకో పదకొండు ఎత్తలేడా?" అన్నాడు. ఆ అంగట్లో మూటలు ఎత్తేది కూలివాళ్ళు, ఆయన గల్లాపెట్టె దగ్గర నుంచి లేవడు. నాయన మాత్రం, మోకాలి ఎత్తు వరకైతే ఎంతయినా ఎత్తవచ్చు, నడుము దాటితేనే కష్టమని తేల్చాడు. తాగిన కాఫీ లోటా తీసి లోపల పెట్టిన పాపాన ఏనాడూ పోని మనిషి.

ఈ శాస్త్ర చర్చ జరుగుతున్నంత సేపూ నేనూ అమ్మా నీళ్ళు మోస్తున్నాం. ఆ ఎండాకాలం కొళాయిలు ఎండిపోయి, వీధి మొదట్లోకి ట్యాంకరు వచ్చేది. చంకలో ఒక బిందె, చేతిలో ఇంకో బిందె, మా మేడ మీదికి ఇరవై రెండు మెట్లు. పొద్దునొక పది సార్లు, సాయంత్రం ఇంకో పది సార్లు. చర్చిస్తున్న పెద్దలు మెట్ల మీదే కూర్చునేవాళ్ళు, మేము వస్తే కాళ్ళు కొంచెం పక్కకు జరుపుకునేవాళ్ళు. ఒక మాదిరి బలమున్న ఆడమనిషి ఎంత ఎత్తవచ్చు అనే సందేహం వాళ్ళలో ఒక్కరికీ రాలేదు. నాకప్పుడు ఒళ్ళు మండేది. ఇప్పుడిది రాస్తుంటే కూడా మండుతోంది.

చివరకు సభ ఒక నిర్ణయానికి వచ్చింది. మామ బలం పెంచడం కుదిరే పని కాదు కాబట్టి పాప బరువు తగ్గించాలి. నా సంగటి ముద్ద సగమయింది. పెళ్ళికూతుర్ని చుట్టాలు పిలిచి విందులు పెడతారు గదా, నేను పోయే ప్రతి ఇంటికీ జేజి కబురు నాకంటే ముందే చేరేది. అందరూ నా పేరు చెప్పుకుని పాయసం తాగారు, నేను మజ్జిగ తాగాను. మూడు వారాల తర్వాత మళ్ళీ స్టేషనుకు పోతే మిషను అదే అరవై ఒకటి చూపించింది. జాతకం మాత్రం మారింది, 'ఓర్పు వహింపుము' అని ఉంది.

అసలు సంగతి వీళ్ళెవరికీ తెలియదు, నాకు తెలుసు. అంతకు ముందు ఏడాది మామ, డ్రిల్లు మాస్టర్ల శిక్షణకు పోతున్నానని అందరికీ చెప్పి, తిరుపతిలోనే ఒక ఆస్పత్రిలో హెర్నియా ఆపరేషను చేయించుకున్నాడు. పిల్లలకు ఛాతీ విరుచుకోవడం నేర్పే మనిషికి ఆ జబ్బు పేరు బయటికి చెప్పుకోవడం నామోషీ. అమ్మకు చెప్పనని నాతో ఒట్టు వేయించుకున్నాడు. స్నేహితురాలి ఇంట్లో చదువుకుంటున్నానని చెప్పి ఆ వారం రోజులూ క్యారియరు మోసింది నేనే. ఇంటికి పంపేటప్పుడు డాక్టరును ఆయన అడగడం నా చెవులతో విన్నాను.

"సార్, బరువులు ఎత్తచ్చునా?"

"సగం బకెట్టు నీళ్ళు. అంతకు మించి వద్దు."

"అది మామూలోళ్ళకు గదా సార్. ఒక మాదిరి గట్టి మనిషయితే?"

డాక్టరు కళ్ళద్దాలు తీసి చూశాడు. "గట్టి మనిషయితే ఈ మంచం మీద ఎందుకు పండుకోనుంటాడప్పా?"

అటువంటి మామ పెళ్ళికి నాలుగు రోజుల ముందు ట్రంకు పెట్టెతో దిగాడు. పెట్టె రిక్షావాడి చేత మోయించాడు. జేజి వదల్లేదు. గంపలో బియ్యం మూట పెట్టి ఒకసారి ఎత్తి చూపించమంది.

"ముహూర్తానికి ముందు గంప ఎత్తకూడదత్తా, అరిష్టం," అన్నాడు మామ, కన్ను కూడా ఆర్పకుండా.

అటువంటి శాస్త్రం ఏ గ్రంథంలోనూ లేదు. కానీ తనకు తెలియదని ఒప్పుకోవడం జేజికి ఇష్టం లేక, "అది నాకు తెల్దా ఏంది, నిన్ను పరీచ్చ జేసినా," అంది.

సాయంత్రం మేడ మీద ఆయన్ని పట్టుకున్నాను.

"మామా, అమ్మకయినా నిజం చెప్పేస్తా."

"సెప్పినావంటే ఇంక నా మొగం సూడొద్దు. ముప్పై అడుగులే గదా పాపా. కుట్లు తెగితే తెగనీ. మీ అమ్మ ఇరవై అయిదేండ్లుగా ఆ ముసిలామె నోట్లో నానతా ఉండాది. ఆ ఒక్క పొద్దన్నా తలెత్తుకోనీ."

ఏడుపు వచ్చింది నాకు. దాని వెనకే కోపం కూడా వచ్చింది. అమ్మ తలెత్తుకోవడానికి ఇంకొకరి కడుపు తెగాలా? నేను నడిచి పోతానంటే ఈ గొడవే లేదు. కానీ నడిచి పోతే ఓడిపోయేది అమ్మే. ఎటు తిప్పి చూసినా, ఆ గంపలో నేను కూర్చోవాలి, కూర్చోకూడదు.

పెళ్ళి తిరుచానూరులో, ఒక కల్యాణ మండపంలో. తెల్లవారి పెళ్ళికూతురి గదిలో నాకు తలదువ్వుతుంటే కిటికీలోంచి చూశాను. కాంపౌండు గోడ వెంబడి కొత్తగా మొక్కలు నాటి, మేకలు కొరక్కుండా వెదురు బుట్టలు బోర్లించినట్టు పెట్టారు. ఆ బుట్టలకు అడుగు లేదు. మొక్క నేల మీదే నిలబడి ఉంది, చూసేవాళ్ళకు బుట్టలో ఉన్నట్టుంది.

అంతలో టిఫిను మొదటి పంక్తికి పిలుపు వచ్చింది. పెళ్ళికూతురి గదిని ఖాళీ చేయాలంటే ఇడ్లీలు వడ్డిస్తున్నారనే మాట ఒక్కటి చాలు. నా తల సగం జడలో ఉండగా అందరూ పోయారు. మూల నా గంప ఉంది, చుట్టూ, పైకి ఎత్తినా నేల దాకా వేలాడేలా, ఎర్రచీర కుచ్చిళ్ళు కట్టి ఉంది. గడియ పెట్టి, కొబ్బరికాయలు కొట్టే మచ్చుకత్తి తీసుకుని గంప అడుగు కొట్టేశాను. వెదురు ముక్కలు మంచం కిందికి తోసి, గడియ తీసి, గంప మధ్యలోకి దిగి నేల మీద కూర్చున్నాను. ఇడ్లీలు తిని వచ్చిన వాళ్ళు నన్ను చూసి ఒకటే నవ్వు.

"అయ్యో, ఎంత తొందరమ్మా దీనికి! అప్పుడే గంపెక్కి కూసోనుండాది!"

మిగతా సగం జడ గంపలోనే వేశారు.

ముహూర్తానికి మేళం అందుకుంది. మామ వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది, పంచె కింద నడుముకు ఏదో బిగించి కట్టుకున్నాడు. గుమ్మం దగ్గర జేజి చేతులు కట్టుకుని నిలబడింది. అమ్మ గోడను పట్టుకుంది. మామ కళ్ళు మూసుకుని, దేవుణ్ణి తలుచుకుని, ఒంట్లో ఉన్న సత్తువంతా కూడదీసి గంపను ఒక్క ఊపున ఎత్తాడు. అడుగు లేని గంప ఎంత బరువుంటుంది? అది సర్రున నా మెడ దాకా వచ్చింది, మామ వెనక్కి పడబోయాడు.

"మామా, దించు, దించు," అన్నాను పళ్ళ బిగువున. "నడస్తా ఉండా."

డ్రిల్లు మాస్టారు గదా, ఆజ్ఞ వెంటనే అర్థమయింది. గంపను నడుము దగ్గరికి దించి, నేను మోకాళ్ళు సగం వంచి నిలబడితే, ఇద్దరం కదిలాం. అరవై ఒక్క కిలోలూ నా తొడల మీదే ఉన్నాయి. అరువు తెచ్చుకున్న నగలు అదనం. నాలుగడుగులు పోయాక మామకు ధైర్యం వచ్చింది. ధైర్యం వెనకే నటన వచ్చింది. మూలగడం మొదలుపెట్టాడు, మెడ నరాలు ఉబ్బించాడు, మండపం ముందర ఆగి జనాన్ని ఒకసారి కలయజూశాడు. ఫొటోగ్రాఫరు "సార్, అట్లే ఒక నిముషం," అన్నాడు. మహానుభావుడు అట్లే నిలబడ్డాడు. పైగా ఒక చేత్తో గంప పట్టుకుని రెండో చేత్తో మీసం దువ్వాడు. జనం ఈలలు వేశారు. నేను కింద గొంతుక్కూర్చోలేక, నిలబడలేక, ఆయన్ని తిట్టిన తిట్లు వేదమంత్రాల్లో కలిసిపోయాయి.

నేను గంప దిగి పీట మీద కూర్చున్న తర్వాత జేజి అమ్మ దగ్గరికి వచ్చింది. అంత మంది ముందర అంది.

"మీ తమ్ముడు మొగోడే మే."

ఇరవై అయిదేళ్ళలో అమ్మ పుట్టింటి మీద జేజి నోటి నుంచి వచ్చిన మొదటి మంచి మాట అది. అమ్మ వంటల వైపు పోయి, పొయ్యిల పొగలో నిలబడి ఏడ్చింది. నేను దూరం నుంచి చూశాను. ఆ ఏడుపు చూశాక తొడల నొప్పి సంగతి మరిచిపోయానని రాయాలని ఉంది గానీ అది అబద్ధం. మూడు రోజులు మెట్లు ఎక్కలేకపోయాను. మోకాళ్ళ జబ్బున్న పిల్లను అంటగట్టారని అత్తగారింట్లో గుసగుసలు పోయారు.

మామ ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ గంప మీదే బతికాడు. ఎవరు దొరికితే వాళ్ళకు చెప్పేవాడు. మొదటి ఏడాది అరవై ఒకటి, నాకు కొడుకు పుట్టేసరికి అరవై ఎనిమిది, రెండు వేల సంవత్సరం దాటేసరికి నేను ఆయన నోట్లో ఎనభై కిలోలయ్యాను. మనవాళ్ళలో ఒక మాదిరి గట్టి మనిషి ఎంత ఎత్తవచ్చు అన్న ప్రశ్నకు ఇప్పటికీ ఆయనే ఉదాహరణ. ఎదురింటి గుమాస్తా చనిపోయే దాకా తన లెక్క తప్పని ఒప్పుకుంటూ బతికాడు.

అదంతా నాకూ మామకూ మాత్రమే తెలిసిన గుట్టు అనుకున్నాను. కానీ పెళ్ళి వీడియో ఒకటుంది. చుట్టాలు ఎవరు వచ్చినా జేజి ఆ కేసెట్టు పెట్టించేది, ఆమె పోయాక మామ పెట్టించేవాడు. అందులో మామ మీసం దువ్వే చోట, గంపకు కట్టిన చీర గాలికి లేచి, పారాణి పెట్టుకున్న నా కాలి వేళ్ళు రెండు క్షణాలు కనబడతాయి. ఒకసారి నేనొక్కదాన్నే పెట్టుకుని చూస్తే కనబడ్డాయి. ఇంకెవరూ గమనించలేదు. ఎందుకంటే సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి అమ్మ లేస్తుంది. కాఫీ గ్లాసులు తీయడానికో, ఫ్యాను పెంచడానికో లేచి, టీవీకి అడ్డంగా పోతుంది. "అడ్డం లెయ్యే!" అని అందరూ అరుస్తారు. ఆమె మెల్లగా జరుగుతుంది, అప్పటికి నేను పీట మీద ఉంటాను.

ఇది యాదృచ్ఛికం కాదని తెలుసుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది. ఒకసారి అమ్మ వెంట వంటింట్లోకి పోయి అడిగాను.

"అమ్మా, నీకెప్పుడు తెలిసింది?"

అమ్మ తిరిగి చూడకుండా గ్లాసులు కడుగుతూనే ఉంది.

"మంచం కింది ఎదురు ముక్కలు ఎవురు ఊడ్సినారనుకున్నావే?"