సంగప్ప గారికి చదివి వినిపించిన ఉత్తరం

మొన్న సాయంత్రం నారాయణగూడ చౌరస్తా దాటుతుంటే జొన్నరొట్టె కాలే వాసన వచ్చింది. ఈమధ్య అక్కడి ఫుట్‌పాత్ మీద పాలమూరు నుంచి వచ్చిన ఈశ్వరమ్మ రొట్టెల పొయ్యి పెట్టుకుంది. రొట్టె పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో అద్దగానే లేచే ఆ వాసన ముక్కుకు తగిలితే నాకు ఆకలి వేయదు. సంగప్ప గారు గుర్తొస్తారు. ఆయన చేతిసంచిలో అర్జీల కట్ట పక్కన ఎప్పుడూ గుడ్డలో చుట్టిన రెండు జొన్నరొట్టెలు ఉండేవి. మధ్యాహ్నం కాగానే మా టైపు మిషన్ల మధ్యే కూర్చుని ఉల్లిగడ్డ నంజుకుని తినేవారు. ఎమ్మెల్యేగా ఉన్నప్పుడూ అంతే, ఓడిపోయిన తర్వాతా అంతే.

ఎనభైల మధ్యలో నాకు ఇరవై రెండేళ్ళు. నాన్న పోయాక ఇంట్లో అమ్మా నేనూ మిగిలాం. చిక్కడపల్లి మెయిన్ రోడ్డులో ఒక మేడ మీద ఉన్న టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పొద్దున పిల్లలకు నేర్పేదాన్ని, ఆ తర్వాత బయటివాళ్ళ అర్జీలు, ఉత్తరాలు కొట్టేదాన్ని. సంగప్ప గారు మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక మారుమూల నియోజకవర్గం నుంచి గెలిచి వచ్చారు. అంతకుముందు సర్పంచ్. చదువు నాలుగో తరగతి. హైదర్‌గూడలో ఎమ్మెల్యే క్వార్టర్స్ దగ్గరే టైపు చేసేవాళ్ళు బోలెడుమంది ఉండగా ఇంత దూరం ఎందుకు వస్తారని ఒకసారి అడిగాను. "ఆడ అచ్చు పోసిన ఉత్తరాలుంటయి బిడ్డా. పేరొక్కటి మారుస్తరు. అందరి కష్టం ఒక్కతీరుగ ఉంటదా?" అన్నారు.

ఆయన పద్ధతి వేరు. అర్జీ పెట్టుకునే మనిషిని నా మిషన్ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టేవారు. "మొదలు పేరు రాయి. పూర్తిగ రాయి. ఆఫీసరుకు పనికంటె ముందు మనిషి కనపడాలె" అనేవారు. రాయడం అయ్యాక నేను దాన్ని పైకి చదవాలి. ఆ మనిషి విని తల ఊపితేనే ఆయన సంతకం పెట్టేవారు. నాకేమో పొద్దున్నించీ వేళ్ళు నొప్పులు, మా ఓనరు తొందర. ఒక ముసలాయన బావికి కరెంటు కనెక్షన్ కోసం వస్తే, 'వ్యవసాయ విద్యుత్ సరఫరా నిమిత్తమై' అని గొప్పగా కొట్టి చదివాను. ముసలాయన గాబరాగా సంగప్ప గారి వైపు తిరిగి, "పటేలా, గీమె ఇంకెవరి ముచ్చటనో చదువుతున్నది. నా బాయి సంగతి లేదు గిండ్ల" అన్నాడు. సంగప్ప గారు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. "మల్ల కొట్టు బిడ్డా. ఆయన మాట ఆయనకు ఇనపడాలె" అన్నారు. నేను మూతి ముడుచుకునే మళ్ళీ కొట్టాను. చదువుతుంటే ఈసారి ముసలాయన ప్రతి ముక్కకూ తల ఊపాడు.

అసెంబ్లీలో ఆయన పెద్దగా వెలిగింది లేదు. తన మండలంలో వాగు మీద వంతెన గురించి మాట్లాడతానని ఒకసారి నాలుగు పేజీలు కొట్టించుకుని వెళ్ళారు. మర్నాడు ఎలా జరిగిందని అడిగితే, "వాగు దాక పోయిన బిడ్డా, దాటకముందె బెల్లు కొట్టిన్రు" అన్నారు. వంతెన రాలేదు. ఆ తర్వాతి ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు.

అంతకుముందు ఆయన వస్తున్నారంటే మా చెక్కమెట్లు దడదడలాడేవి, వెనకాల పదిమంది ఉండేవారు. ఓడిన వారం తర్వాత ఒక్క జత చెప్పుల చప్పుడే వినిపించింది. వచ్చి, సంచిలోంచి మూడు సింహాల బొమ్మ ఉన్న లెటర్‌ప్యాడ్లు తీసి నా బల్ల మీద పెట్టారు. "ఇగ ఇవి చెల్లవు. వెనుక దిక్కు తెల్లగనె ఉన్నది, పిల్లలకు నేర్సుకునేటందుకు పనికొస్తయి" అన్నారు. నేను రిబ్బను సర్దుతున్నట్టు తల దించుకున్నాను.

ఊరికి వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు. అశోక్‌నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నారు. భార్య ఊళ్ళోనే పొలం చూసుకుంటూ ఉండిపోయింది. "ఊర్ల కూసుంటె కాయితం కదలదు" అనేవారు గానీ, ఓడిన మొహంతో ఊరి బస్సు ఎక్కలేకపోయారని నాకు అర్థమైంది. ఒక ఆదివారం అమ్మ చేసిన సకినాలు ఇవ్వడానికి ఆ గదికి వెళ్ళాను. చాప, ట్రంకుపెట్టె, గోడవారగా బోర్లించిన ఇరవై స్టీలు గ్లాసులు. చాయ్ పెడతానని కూర్చోబెట్టి గిన్నెడు పెట్టారు. మేమిద్దరం తాగాక ఇంకా సగం మిగిలింది. "తక్కువ పెట్టుడు ఇంక అలవాటు కాలె" అన్నారు. ఒంటరితనం అంటే ఏమిటో అప్పటిదాకా నాకే తెలుసనుకున్నాను.

అయినా నగరంలో కూలి పనికి వచ్చిన పాలమూరు జనం ఆయన్ను వెతుక్కుంటూ ఒకరిద్దరు వచ్చేవారు. తెల్లకాగితం మీదే ఉత్తరాలు కొట్టేదాన్ని. కింద ఆయన పేరు, దాని కింద 'మాజీ శాసనసభ్యులు'. జవాబులకు మా ఇన్‌స్టిట్యూట్ చిరునామానే ఇచ్చేవారు. పోస్ట్‌మ్యాన్ వచ్చి వెళ్ళిన ప్రతిసారీ "ఏమన్న వచ్చిందా బిడ్డా?" అని అడిగేవారు. ఆరు నెలల్లో ఒక్క జవాబూ రాలేదు. లేదని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది.

అప్పుడు బాలమణి వచ్చింది. దోమలగూడలో కడుతున్న ఒక బిల్డింగు దగ్గర సిమెంటు తట్టలు మోసేది. కూతురు అనిత పది పాసైంది, ఇంటర్ చదువుతానంటోంది. నెలాఖరుకు ఆ పని అయిపోతే వాళ్ళు ఇంకో చోటికి మారాలి. సర్కారు హాస్టల్లో సీటు దొరక్కపోతే అనిత కూడా తట్ట ఎత్తుకోవలసిందే. ఉత్తరం కొట్టాను. అప్పటికి సంగప్ప గారి కళ్ళకు శుక్లాలు ముదిరాయి, అక్షరం ఆనేది కాదు. సంతకం పెట్టే చోటు నేను వేలితో చూపించాలి. ఆ రోజు 'మాజీ' అనే రెండక్షరాలు నేను కొట్టలేదు. పొరపాటున కాదు, తెలిసే మానేశాను. చదివి వినిపించేటప్పుడు మాత్రం గొంతు తొణకకుండా 'మాజీ శాసనసభ్యులు' అనే చదివాను. బాలమణి తల ఊపింది. ఆయన సంతకం పెట్టారు.

పది రోజుల్లో సీటు వచ్చింది. ఆ కబురు విన్నప్పుడు సంగప్ప గారి మొహం చూడాలి. ఓడాక మొదటిసారి మా ఓనరుతో సహా అందరికీ చాయ్ తెప్పించారు. "చూసినవా? మాజీ అయితె ఏంది? మనిషి పేరు ముందుంటె కాయితం నడుస్తది. నా మాట ఇంక చెల్లుతున్నది" అన్నారు. నేను కూడా నవ్వాను. ఇక్కడితో ఆగితే బాగుండునని దేవుడికి మొక్కుకున్నాను. కానీ పని చేసిపెట్టిన ఆఫీసరుకు స్వయంగా వెళ్ళి దండం పెట్టి రావడం ఆయన అలవాటు. మర్నాడే వెళ్ళారు.

తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మెట్ల మీద రెండుచోట్ల ఆగి ఎక్కడం వినిపించింది. స్టూలు మీద కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఆఫీసరు, ఎమ్మెల్యే గారు రాండ్రి అని కుర్సీ ఏసిండు" అన్నారు. "నేను ఓడిపోయిన సార్ అన్న. కాయితం తెప్పించి సదివి నవ్విండు. ముందుగాలనే మాజీ అని ఉంటె ఈ కాయితం నేను చూడకపోదును అన్నడు."

"అనిత సీటు?" అన్నాను.

"ఉన్నది. పిల్లకు మార్కులున్నయి, తియ్యనన్నడు." నా వైపు తిరిగారు. "ఓట్లేసినోళ్ళు ఓడగొట్టిన్రు, అది ఆళ్ళ ఇష్టం. నువ్వు సదివినవు బిడ్డా. నేను ఇన్న."

తిట్టి ఉంటే బాగుండేది. "సార్, ఆ పిల్ల కోసమే..." అని నేను మొదలుపెడితే చెయ్యి ఎత్తి ఆపారు. "కాయితం పెట్టు" అన్నారు. ఆఫీసరుకు ఉత్తరం చెప్పారు. మొదట అనిత పేరు, పూర్తిగా. తాను మాజీ శాసనసభ్యుడిననీ, ముందు ఉత్తరంలో ఆ మాట లేకపోవడం తన తప్పేననీ, పిల్ల తప్పు కాదనీ. 'టైపు చేసినవారి పొరపాటు' అని కొట్టబోతుంటే వద్దన్నారు. "సంతకం నాది" అన్నారు.

కొట్టడం అయ్యాక చదవడానికి నేను కాగితం పైకి తీశాను. ఆయన నా చేతిలోంచి దాన్ని మెల్లగా తీసుకుని, పక్క మిషన్ మీద నేర్చుకుంటున్న కాలేజీ అమ్మాయికి అందించారు. "జర నువ్వు సదువమ్మా" అన్నారు. ఆ అమ్మాయి తడబడుతూ చదువుతుంటే ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. నేను అక్కడే, ఆయనకు మూరెడు దూరంలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత కూడా నా దగ్గరికే వచ్చారు. నన్నే బిడ్డా అన్నారు, నా బల్ల దగ్గరే రొట్టె తిన్నారు, ముక్క తుంచి నాకూ పెట్టారు. కానీ చదవడానికి మాత్రం ప్రతిసారీ ఇంకెవరినో పిలిచేవారు. ఎండాకాలం వచ్చేసరికి గది ఖాళీ చేసి ఊరికి వెళ్ళిపోయారు. నేను రాసిన రెండు ఉత్తరాలకు జవాబు లేదు. అవి ఎవరు చదివి వినిపించారో, అసలు వినిపించారో లేదో తెలియదు. కొన్నేళ్ళకు నారాయణగూడ బస్‌స్టాప్‌లో కలిసిన బాలమణి, అనిత టీచరైందనీ, సంగప్ప గారు పోయారనీ ఒక్క ఊపిరిలో చెప్పింది.

నేను తర్వాత సర్కారు ఉద్యోగంలో చేరి, అర్జీలు తీసుకునే కిటికీ దగ్గరే సర్వీసంతా గడిపి రిటైరయ్యాను. అక్కడా పేరు ముందు రాయించాను, చదివి వినిపించాను. నన్ను చాదస్తురాలనేవారు. అననీ. ఆయన నేర్పిన పని అదొక్కటే కాదు కదా.

ఈ సాయంత్రం ఈశ్వరమ్మ కోసం ఒక కాగితం రాసి తీసుకెళ్ళాను. పొయ్యి అక్కడినుంచి తీసేయమని బల్దియావాళ్ళు చెప్పారట. పొయ్యి పక్కన నిలబడి చదివి వినిపించాను. "మంచిగున్నది అమ్మా" అని వేలిముద్రకు చెయ్యి తుడుచుకుంది. నేను కాగితం ఇవ్వలేదు. రొట్టెల కోసం నిలబడ్డ ఒక కాలేజీ అమ్మాయి వైపు చాపి, "జర నువ్వు సదువమ్మా" అన్నాను.

"నువ్వు సదివినవు గదమ్మా, మల్ల ఆమె ఎందుకు?" అంది ఈశ్వరమ్మ.

"నేను చదివితే సరిపోదు" అన్నాను. ఆ అమ్మాయి కాగితాన్ని వీధిదీపం వైపు తిప్పి, ఈశ్వరమ్మ పేరు దగ్గర మొదలుపెట్టింది.